బాక్సింగ్ పే-పర్-వ్యూ: డబ్బులు ముందు, రీమ్యాచ్ సంగతి తర్వాత (ఐదుకి రెండు స్టార్లు)

ముందే చెప్పేస్తున్నా, ఈ రెండు స్టార్లు బాక్సింగ్‌కి కాదు. బాక్సర్లకైతే కళ్లు మూసుకుని ఐదూ ఇచ్చేస్తాను. నేను రేటింగ్ ఇస్తున్నది అమెరికాలో ఉన్న నాలాంటి ప్రేక్షకుడికి ఈ ఆటని అమ్ముతున్న పద్ధతికి. నెలనెలా కట్టే యాప్‌లు, వాటి మీద పెద్ద ఫైట్ వచ్చినప్పుడల్లా విడిగా కట్టే పే-పర్-వ్యూ, ఈ రెండింటినీ ఏళ్ల తరబడి నడిపించే "రీమ్యాచ్ దగ్గర్లోనే ఉంది" అనే ఊరింపు (రీమ్యాచ్ అంటే అదే ఇద్దరు బాక్సర్లు మళ్లీ తలపడటం). ఈ మూడూ కలిపితేనే ప్రొడక్ట్. విడివిడిగా ఎవరూ అమ్మరు.

కొత్తగా చూడాలనుకునేవాళ్లకి లెక్క చెబుతాను. పెద్ద ఫైట్ ఒకటి ఈమధ్య తరచూ 75 నుంచి 85 డాలర్ల దాకా పలికింది, మన రూపాయల్లో ఆరేడు వేలు. మేం డాలస్ దగ్గర ఉంటాం, మాకు సాయంత్రం ఏడింటికి మొదలైతే అసలు ఫైట్ పడేసరికి రాత్రి పదిన్నర దాటుతుంది. పన్నెండు రౌండ్లూ పూర్తిగా జరిగినా కొట్టుకునేది 36 నిమిషాలు. మిగతాదంతా అండర్‌కార్డ్ (అసలు ఫైట్‌కి ముందు పెట్టే చిన్న ఫైట్లు), స్టూడియోలో మాటలు, యాడ్‌లు, మళ్లీ మాటలు. ఒక్కడే కొనుక్కునే సరుకు కాదిది, అందుకే ఎవరో ఒకరింట్లో చేరతాం, ఒకరు బిర్యానీ ట్రే తెస్తారు, ఒకరు పే-పర్-వ్యూ కొంటారు, మర్నాడు జెల్ అనే డబ్బు పంపే యాప్‌లో ఎవరి వాటా వాళ్లు పంపుతారు (పంపనివాడు ప్రతి గ్రూప్‌లోనూ ఒకడుంటాడు, వాడికే ఫైట్ మీద అభిప్రాయాలు ఎక్కువ). హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి అదే ఫైట్ ఆదివారం పొద్దున టిఫిన్ టైమ్‌కి వస్తుంది. "బావా, నీ స్కోరెంత?" అని రౌండ్ రౌండ్‌కీ మెసేజ్ పెడుతుంటాడు.

ఆ రాత్రి వరకూ చూస్తే సరుకు బాగానే ఉంటుంది. పిక్చర్ శుభ్రంగా ఉంటుంది, స్లో మోషన్‌లో దెబ్బ ఎక్కడ తగిలిందో స్పష్టంగా చూపిస్తారు, రింగ్ పక్కన కూర్చునే పాత బాక్సర్ల కామెంటరీ వింటే కాళ్లు ఎక్కడ పెడుతున్నాడో కూడా గమనించడం అలవాటవుతుంది. బాధంతా మర్నాటి నుంచే.

2025 మార్చి 1, బ్రూక్లిన్‌లోని బార్‌క్లేస్ సెంటర్. జెర్వాంటా డేవిస్, లామాంట్ రోచ్. ప్రైమ్ వీడియోలో వచ్చింది, మెంబర్‌షిప్ ఉన్నా ఫైట్‌కి విడిగా కట్టాల్సిందే. డేవిస్ అప్పటికి ఓటమి ఎరగనివాడు, చాలామందిని నాక్‌అవుట్ చేసినవాడు. రోచ్ ఏమో కింది వెయిట్‌లో ఛాంపియన్‌గా ఉండి పైకి వచ్చినవాడు. డేవిస్ ఎన్నో రౌండ్‌లో ముగిస్తాడన్నదే అందరి లెక్క. తీరా చూస్తే రోచ్ ఎక్కడా బెదరలేదు, దెబ్బకి దెబ్బ వేస్తూ వచ్చాడు. తొమ్మిదో రౌండ్‌లో అతని జాబ్ (ముందు చేత్తో వేసే సూటి పంచ్) తగిలిన కాసేపటికి డేవిస్ ఉన్నట్టుండి ఒక మోకాలు నేలకి ఆనించాడు. ఎవరూ తోయలేదు, జారలేదు. లేచి నేరుగా తన కార్నర్‌కి నడిచాడు, అక్కడ టవల్‌తో ముఖం తుడిచారు, తిరిగొచ్చాడు. రిఫరీ స్టీవ్ విల్లిస్ లెక్క మొదలుపెట్టినట్టే పెట్టి ఆపేశాడు. నాక్‌డౌన్ (కింద పడ్డట్టు లెక్క, దానికి పాయింట్ పోతుంది) కాదన్నాడు. మా హాల్లో బిర్యానీ ప్లేట్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. జుట్టుకి రాసుకున్నది కరిగి కళ్లలో పడిందని డేవిస్ తర్వాత చెప్పాడు. కళ్లు మండితే మండనివ్వండి, ప్రత్యర్థి ఎదురుగా ఉండగా తనంతట తానే మోకాలు వేస్తే అది నాక్‌డౌనే, ఆ మాత్రం రూల్ మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు.

స్కోర్లు చూడండి, ముగ్గురు జడ్జిలు రౌండ్ రౌండ్‌కీ వేసిన పాయింట్ల మొత్తాలు. ఒక జడ్జి 115-113తో డేవిస్‌కి ఇచ్చారు, మిగతా ఇద్దరూ 114-114. డ్రా. ఆ మోకాలుకి ఒక్క పాయింట్ కోసి ఉంటే ఆ రెండు స్కోర్ కార్డులూ రోచ్ వైపు తిరిగేవి, డేవిస్ ఛాంపియన్ బెల్ట్ చేతులు మారేది. రోచ్ వర్గం ఫిర్యాదు చేసింది, బాక్సింగ్‌ని పర్యవేక్షించే న్యూయార్క్ కమిషన్ ఫలితం మార్చలేదు.

ఇంతకంటే రీమ్యాచ్ అడిగే ఫైట్ ఉంటుందా? ఇద్దరూ అక్కడే సై అన్నారు. ఇక చూస్కోండి. జూన్ అన్నారు, తర్వాత ఆగస్టు 16 అన్నారు, లాస్ వేగాస్ అన్నారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు తేదీ, ఊరు, హాలు అన్నీ వార్తల్లో ఉన్నాయి, సంతకాలయ్యాక వేసే పోస్టర్ ఒక్కటీ నా కంటపడలేదు. మధ్యలో డేవిస్‌కి కోర్టు గొడవలు వచ్చాయి, ఆగస్టు తేదీ గాల్లో కలిసిపోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రకటన రోచ్‌తో ఫైట్ కాదు. జేక్ పాల్‌తో ఎగ్జిబిషన్, అంటే రికార్డుకి లెక్కరాని ప్రదర్శన ఫైట్! 135 పౌండ్ల మనిషికి, క్రూజర్‌వెయిట్‌లో (200 పౌండ్ల దాకా) తిరిగే యూట్యూబర్‌కి మధ్య, నవంబర్ 14న, నెట్‌ఫ్లిక్స్‌లో. డేవిస్ మీద సివిల్ దావా పడ్డాక అది కూడా రద్దయింది. రోచ్ ఎంతకాలమని చూస్తాడు? డిసెంబర్‌లో శాన్ ఆంటోనియోలో ఐజాక్ క్రూజ్‌తో ఆడాడు. మళ్లీ డ్రా! ఒకే ఏడాదిలో రెండుసార్లు పెద్ద పేర్లతో తలపడి, రెండుసార్లూ ఓడిపోకుండా, రెండుసార్లూ ఖాళీ చేతులతో ఇంటికెళ్లిన మనిషిని ఇంకెక్కడైనా చూశారా.

సరే, ఇదొక్కటే అయితే దురదృష్టం అని ఊరుకునేవాణ్ణి. నా కోపం దీనికంటే పాతది. కనెలో, గోలోవ్‌కిన్ కథ నాటిది.

2017 సెప్టెంబర్ 16, లాస్ వేగాస్ టీ-మొబైల్ అరీనా. కజకిస్తాన్ నుంచి వచ్చిన గెన్నడీ గోలోవ్‌కిన్‌కి అప్పటికి 35 ఏళ్లు, కనెలో అల్వారెజ్ ఇంకా కుర్రాడు. ఫైట్ గొప్పగా సాగింది, చాలామంది గోలోవ్‌కిన్ గెలిచాడనుకున్నారు. స్కోర్ కార్డులు చదువుతుంటే అడలైడ్ బర్డ్ అనే జడ్జి 118-110 కనెలోకి ఇచ్చారని వినిపించింది. అంటే పన్నెండు రౌండ్లలో పది కనెలోవేనట! ఇంకో జడ్జి 115-113 గోలోవ్‌కిన్‌కి, మూడో ఆయన 114-114. డ్రా. ఆ 118-110 అంకె ఇప్పటికీ మా గ్రూప్‌లో బూతుమాట కిందే లెక్క, ఎవరైనా మరీ అడ్డగోలుగా మాట్లాడితే "నువ్వు 118-110 వేస్తున్నావ్" అంటాం.

రీమ్యాచ్ 2018 మే 5కి పెట్టారు. ఫిబ్రవరిలో కనెలో శాంపిల్స్‌లో క్లెన్‌బుటెరాల్ అనే నిషేధిత మందు బయటపడింది, మెక్సికోలో తిన్న బీఫ్ వల్లేనన్నాడు, ఆరు నెలల సస్పెన్షన్ పడింది, ఫైట్ ఎగిరిపోయింది. అక్కడి నుంచి బేరం మళ్లీ మొదలు. తప్పు అటువైపు జరిగింది కాబట్టి డబ్బులో సగం సగం కావాలని గోలోవ్‌కిన్ పట్టుబట్టాడు, కనెలో ప్రమోటర్ గోల్డెన్ బాయ్ ససేమిరా అంది, గడువులు పెట్టుకున్నారు, గడువులు దాటించారు, చివరికి కొద్ది శాతాల తేడా దగ్గర వారాల తరబడి సాగదీసి ఒప్పుకున్నారు. సెప్టెంబర్ 15న జరిగింది. కనెలో మెజారిటీ డెసిషన్‌తో గెలిచాడు, రెండు కార్డులు 115-113, ఒకటి సమానం. అది కూడా తెగని పంచాయితీయే. మూడోది ఉండాల్సిందేనని పసిపిల్లాడు కూడా చెబుతాడు.

అసలు వ్యాపారం మొదలైందే ఇక్కడ. అదే నెలలో డాజోన్ అనే యాప్ అమెరికాలో అడుగుపెట్టింది, నెలకి 9.99 డాలర్లు, ఇక పే-పర్-వ్యూలకి కాలం చెల్లిందన్న ప్రచారంతో. అక్టోబర్‌లో కనెలోతో 11 ఫైట్లకి 36.5 కోట్ల డాలర్ల ఒప్పందం. 2019 మార్చిలో గోలోవ్‌కిన్ కూడా అదే యాప్‌తో సంతకం చేశాడు. ఇద్దరూ ఒకే గొడుగు కిందికి వచ్చారు, ఇక అడ్డేముంది అనుకున్నాం, ఆ ఆశతోనే చాలామంది కార్డు నంబర్ ఇచ్చారు. ఆ మార్చిలోనే ధర 19.99 అయింది, ఏడాదికి ఒకేసారి కడితే 99.99.

2019 సెప్టెంబర్ వచ్చింది, మూడో ఫైట్ రాలేదు. కనెలో నవంబర్‌లో రెండు వెయిట్ క్లాసులు పైకెళ్లి కోవలెవ్ అనే బాక్సర్‌ని కొట్టాడు. 2020 కరోనాకి పోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో కనెలో గోల్డెన్ బాయ్ మీద, డాజోన్ మీద 28 కోట్ల డాలర్లకి దావా వేశాడు, నవంబర్‌కి ఎవరికీ కట్టుబడని ఫ్రీ ఏజెంట్ అయ్యాడు. 2021 మేలో మా పక్కనే ఆర్లింగ్టన్ స్టేడియంలో బిల్లీ జో సాండర్స్‌తో ఆడితే 73 వేల మందికి పైగా వచ్చారు, అమెరికాలో నాలుగు గోడల మధ్య జరిగిన బాక్సింగ్‌కి అది రికార్డు. ఇంత జనం ఉన్నారు, ఇంత డబ్బు ఉంది, అయినా ఆ ఒక్క ఫైట్ మాత్రం లేదు.

చివరికి 2022 సెప్టెంబర్ 17న జరిగింది. రెండోదానికి, మూడోదానికి మధ్య నాలుగేళ్లు! గోలోవ్‌కిన్‌కి నలభై నిండాయి. మొదటి సగం అతను చెయ్యి చాపడానికే తటపటాయించాడు, అప్పుడెప్పుడో కనెలోని వెనక్కి నడిపించిన ఆ జాబ్ ఎక్కడా కనిపించలేదు, చివరి రౌండ్లలో కాస్త పుంజుకున్నాడు గానీ అప్పటికే చేయి దాటిపోయింది. కనెలో ఏకగ్రీవంగా గెలిచాడు. దీనికి ధర ఎంతనుకున్నారు? పే-పర్-వ్యూలకి కాలం చెల్లిందన్న అదే యాప్‌లో, సబ్‌స్క్రిప్షన్ ఉన్నవాళ్లకి 64.99, లేనివాళ్లకి 84.99. నాలుగేళ్లు ఆ ఫైట్ కోసమే నెలనెలా కట్టినవాడు ఆ ఫైట్ వచ్చిన రాత్రి మళ్లీ కట్టాలి. వయసు మీరాక వచ్చింది కాబట్టి ధర తగ్గించారా అంటే అదీ లేదు.

బేరాలు కుదరకపోవడం సహజమే, రెండు పక్షాలన్నాక వాటాల గొడవ ఉంటుంది, నేను కాదనను. ఒక బాక్సర్ ఒక ప్రమోటర్ దగ్గర, ఇంకొకడు మరొకరి దగ్గర. వీళ్లకి ఒక ప్లాట్‌ఫామ్‌తో ఒప్పందం, వాళ్లకి ఇంకోదానితో. మధ్యలో ఛాంపియన్ బెల్టులిచ్చే సంస్థలు, ఛాంపియన్ తప్పక ఆడాల్సిందేనని అవి నిలబెట్టే ఛాలెంజర్లు. ఈ చిక్కులన్నీ నిజమే. కానీ ఈ నాన్చుడు వల్ల నష్టపోయేవాళ్ల లిస్టు రాసి చూడండి. ప్రమోటర్‌కి మధ్యలో వేరే ఫైట్లు ఉన్నాయి, ప్రతి ప్రెస్‌మీట్‌లో ఆ రీమ్యాచ్ పేరు ఎత్తితే చాలు, రాబోయే చిన్న ఫైట్‌కి కూడా టికెట్లు తెగుతాయి. పెద్ద బాక్సర్ తేలికైన ప్రత్యర్థులతో కోట్లు చేసుకుంటాడు. యాప్‌కి నెలవారీ డబ్బు ఆగదు. నష్టమల్లా రోచ్ లాంటివాడికి, గోలోవ్‌కిన్ వయసుకి, ఆ తర్వాత మనకి.

బాక్సర్ల కాంట్రాక్టుల్లో రీమ్యాచ్ క్లాజ్ అని ఒకటి ఉంటుంది, ఓడినవాడు మళ్లీ అడిగే హక్కు. 2023 జులైలో క్రాఫర్డ్ చేతిలో తొమ్మిదో రౌండ్‌లో ఓడిన స్పెన్స్ ఆ హక్కు వాడుకుంటున్నట్టు చెప్పాడు కూడా. ఫైట్ జరగలేదు. 2022లో బివోల్ చేతిలో ఓడిన కనెలోకి కూడా ఆ హక్కు ఉంది, ఏ వెయిట్‌లో ఆడాలన్నది తేలక అదీ రాలేదు. సంతకం పెట్టినవాళ్లకే దిక్కులేదు, ఏ సంతకమూ లేని మనకెక్కడిది?

కోర్టుకెళ్తే? వెళ్లారండీ. 2015 మే 2న మేవెదర్, పకియావ్. ఆ ఫైట్ కోసం 2009 చివర్లో మొదలైన బేరం రక్తపరీక్షల గొడవతో చెడి, ఐదేళ్లు నలిగి, ఆఖరికి ఆ ఇద్దరూ మయామీలో బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లో ఎదురుపడి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాక కదిలింది. వంద డాలర్ల పే-పర్-వ్యూ, 46 లక్షల కొనుగోళ్లు, అయ్యాక చూస్తే చప్పగా ఉంది, పకియావ్ భుజం గాయంతోనే దిగాడని ఆ రాత్రే తెలిసింది. మోసం చేశారని ప్రేక్షకులు దావాలు వేశారు. అప్పీల్ కోర్టు 2019లో చెప్పింది ఏంటంటే, మీరు పూర్తి నిడివి ఫైట్‌కి డబ్బు కట్టారు, పూర్తి నిడివి ఫైట్ చూశారు, ఇంకేం కావాలి అని. చట్టం ప్రకారం సరే కావచ్చు. జరిగిన ఫైట్‌కే ఆ గతి అయితే, జరగని రీమ్యాచ్ కోసం కట్టిన నెలవారీ డబ్బు గురించి ఏ లాయర్ దగ్గరికీ వెళ్లనక్కర్లేదు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఏ కంపెనీ అనేది అనవసరం. ఒక పెద్ద రీమ్యాచ్ ఈ ఏడాదే అని బాక్సింగ్ వార్తలన్నీ కోడై కూస్తుంటే, నెలనెలా కట్టే కంటే చవక అని ఒక యాప్‌లో ఏడాది ప్లాన్ తీసుకున్నాను. ఫైట్ వాయిదా పడింది, తర్వాత మాట్లాడటమే మానేశారు. క్యాన్సిల్ చేద్దామని సెట్టింగ్స్‌లోకి వెళ్తే బటన్ మూడు పేజీల వెనక ఉంది, నొక్కితే "మీ ప్లాన్ గడువు ముగిశాకే రద్దవుతుంది" అని వచ్చింది. చాట్‌లో ఉన్న అమ్మాయి చాలా మర్యాదగా, "సార్, ప్లాన్‌లో ఫలానా ఈవెంట్ ఉంటుందని మేము హామీ ఇవ్వలేదు" అంది. వెనక్కి వెళ్లి చదివితే నిజమే, ఎక్కడా హామీ లేదు. ఆ ఇద్దరి ఫోటోలు మాత్రం హోమ్ పేజీలో ఎదురెదురుగా గుడ్లురుముకుంటూ ఉన్నాయి. గడువు అయిపోయాక ఆటో-రెన్యూవల్ కూడా పడింది, మా ఆవిడ కార్డు స్టేట్‌మెంట్ చూసి "ఇంకా కొట్టుకోలేదా వాళ్లు?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

ఇలా కాకుండా జరిపించడం సాధ్యమేనా అంటే, సాధ్యమే. రియాద్‌లో 2024 అక్టోబర్ 12న బెటర్బియెవ్, బివోల్ ఆడారు, బెటర్బియెవ్ గెలిచాడు, ఫలితం మీద వాదనలు నడిచాయి. 2025 ఫిబ్రవరి 22కల్లా రీమ్యాచ్ జరిగిపోయింది, బివోల్ గెలిచాడు. నాలుగు నెలలు! పైగా ఆ రీమ్యాచ్ రాత్రి నిండా మంచి ఫైట్లు పెట్టి ఇక్కడ 26 డాలర్ల లోపే అమ్మారు. హెవీవెయిట్లు ఫ్యూరీ, ఉసిక్ కథ కూడా అంతే. 2023 వసంతంలో వెంబ్లీలో జరగాల్సింది, తనకి 30 శాతమే వచ్చే 70-30 వాటాకి ఉసిక్ ఒప్పుకున్నా కూడా రీమ్యాచ్ షరతుల దగ్గర చెడిపోయింది. రియాద్‌లో డబ్బు పెట్టేవాడు ఒక్కడే అయ్యేసరికి 2024 మేలో ఒకటి, డిసెంబర్‌లో ఇంకొకటి జరిపించేశారు. ఆ డబ్బు ఎందుకు పెడుతున్నారు, సౌదీకి దీనివల్ల ఏం కావాలి అనేది వేరే చర్చ, నాకూ దానిమీద అనుమానాలున్నాయి. కానీ ఏళ్ల తరబడి "చాలా సంక్లిష్టమైన చర్చలు" అని మనకి చెప్పినవన్నీ ఒక్క చెక్కు దెబ్బకి సులువైపోయాయి చూడండి, అందుకే ఇప్పుడు ప్రమోటర్ నోట "చర్చలు సానుకూలంగా సాగుతున్నాయి" అని వింటే నాకు ఒళ్లు మండుతుంది.

కొనాలా వద్దా అని అడిగితే: ఏడాది ప్లాన్ ఏదైనా సరే, రాబోయే ఒక ఫైట్‌ని చూసి కొనకండి. నెలకి తీసుకోండి, ఆ రాత్రే ఆటో-రెన్యూవల్ తీసేయండి. పే-పర్-వ్యూ అయితే ముందురోజు బాక్సర్ల తూకం చూశాకే కట్టండి, తొందరపడి ముందే కట్టినందుకు ఎవరూ తగ్గింపు ఇవ్వరు. ర్యాన్ గార్సియా 2024లో డెవిన్ హేనీ ఫైట్‌కి మూడు పౌండ్లకి పైగా ఎక్కువ తూగాడు, గెలిచాడు, నిషేధిత పదార్థం దొరికి ఆ గెలుపు రికార్డు నుంచి పోయింది. వాళ్లిద్దరినీ మళ్లీ కలపాలని 2025 మేలో టైమ్స్ స్క్వేర్‌లో ఇద్దరికీ వేర్వేరు ఫైట్లు పెడితే, గార్సియా ఆ రాత్రే ఇంకొకరి చేతిలో ఓడిపోయాడు. అలా పోయిందది. ముందే కొనేవాడు ఎన్ని రకాలుగా ఇరుక్కోవచ్చో ఆ ఒక్క జంటని చూస్తే తెలుస్తుంది.

రెండు స్టార్లలో ఒకటి బెటర్బియెవ్, బివోల్ రీమ్యాచ్‌కి. రెండోది బ్రూక్లిన్‌లో ఆ తొమ్మిదో రౌండ్ తర్వాత కూడా మొహం చిట్లించకుండా పదో రౌండ్‌కి లేచిన రోచ్‌కి. డేవిస్‌తో అతని రీమ్యాచ్ ప్రకటిస్తే కొంటానా అంటారా, కొంటాను, కాకపోతే ఈసారి తూకం అయ్యాక, ఇద్దరూ లిమిట్‌లో ఉన్నారని తెలిశాక, అదీ బిర్యానీ ట్రే తెచ్చేవాడి కార్డు మీద.